సత్యేంద్రనాథ్ బోస్ వ్యాసాన్ని ఐన్‌స్టీన్ కాజేశాడా?

జనవరి 1 భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ పుట్టినరోజు. ఆ రోజున తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: ఢాకాలో పాఠం చెబుతూ బోస్ బోర్డు మీద ఒక లెక్క తప్పు చేశారు, ఆ తప్పే గొప్ప సిద్ధాంతమైంది, దాన్ని ఐన్‌స్టీన్‌కు పంపితే ఆయన తన పేరు తగిలించుకుని అచ్చు వేయించుకున్నాడు, 'దైవకణం' (హిగ్స్ బోసాన్) నిజానికి బోస్ కనిపెట్టిందే, నోబెల్ మాత్రం పీటర్ హిగ్స్‌కు పోయింది, ఐన్‌స్టీన్ అడ్డుపడ్డందువల్ల బోస్‌కు బహుమతి దక్కలేదు, ఆ దిగులుతో ఆయన పరిశోధనకే స్వస్తి చెప్పారు. అభిమానంతో పంచుకుంటున్న మాటలే కదా అని ఊరుకోవచ్చు. అయితే బోస్ అచ్చు వేయించిన వ్యాసాలు, రాసిన ఉత్తరాలు ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉన్నాయి; వాటిని పక్కన పెట్టుకుని చదివితే ఈ సందేశంలో ఒక్క వాక్యమూ నిలబడదు.

అన్నిటికన్నా బరువైనది దొంగతనం ఆరోపణ కాబట్టి ముందు దాన్నే చూద్దాం. 1924 జూన్ 4న బోస్ ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాస్తూ, వెంట ఒక చిన్న వ్యాసం పంపారు. తనకు అనువాదం చేయగలిగినంత జర్మన్ రాదని, వ్యాసం అచ్చుకు తగినదని తోస్తే 'త్సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్' పత్రికలో వచ్చే ఏర్పాటు చేయమని ఆయనే అడిగారు. ఐన్‌స్టీన్ స్వయంగా కూర్చుని దాన్ని జర్మన్‌లోకి మార్చారు. జూలై 2న వ్యాసం పత్రికకు చేరింది. 26వ సంపుటంలో 178 నుంచి 181 దాకా నాలుగు పేజీల్లో వెలువడింది. శీర్షిక కింద రచయితగా ఉన్నది బోస్ ఒక్కరి పేరే, పక్కన బ్రాకెట్లో ఢాకా యూనివర్సిటీ, ఇండియా అని ఉంది. ఐన్‌స్టీన్ పేరు అనువాదకుడిగా చివర్న మాత్రమే కనిపిస్తుంది. దానికి తోడు ఆయన ఒక చిన్న గమనిక కూడా చేర్చారు: ప్లాంక్ సూత్రాన్ని (వేడి వస్తువు వెలువరించే కాంతిలో ఏ పౌనఃపున్యానికి ఎంత శక్తి ఉంటుందో చెప్పేది) బోస్ రాబట్టిన తీరు తన దృష్టిలో ముఖ్యమైన ముందడుగు అని, ఈ పద్ధతితోనే ఆదర్శ వాయువు క్వాంటం సిద్ధాంతం కూడా వస్తుందని, దాన్ని వేరేచోట వివరిస్తానని. దొంగ ఎవరూ ఇలా సొత్తు యజమాని పేరు రాసి రసీదు ఇవ్వడు.

మరి 'బోస్-ఐన్‌స్టీన్' అన్న జంట పేరు ఎక్కడిదంటే, ఆ గమనికలో ఇచ్చిన మాట ప్రకారం ఐన్‌స్టీన్ చేసిన పనిలోంచి వచ్చింది. బోస్ లెక్కించినది కాంతి క్వాంటాలను, అంటే కాంతి శక్తి పొట్లాలను. ఐన్‌స్టీన్ అదే లెక్కింపును ద్రవ్యరాశి ఉన్న అణువుల వాయువుకు వర్తింపజేసి, 1924 జూలై 10న ప్రష్యన్ అకాడమీ ముందు ఉంచారు. అందులో ఈ పద్ధతి బోస్‌దేనని చెప్పారు. 1925 జనవరిలో సమర్పించిన రెండో వ్యాసంలో, వాయువును బాగా చల్లబరిస్తే అణువుల్లో కొంత భాగం అత్యల్ప శక్తి స్థితిలోకి దిగిపోతుందని తేల్చారు. ఇవాళ మనం 'కండెన్సేట్' అంటున్నది దీన్నే. ఇది బోస్ నాలుగు పేజీల్లో లేదు, ఉండే వీలూ లేదు: కాంతి క్వాంటాల సంఖ్య స్థిరంగా ఉండదు, వాటిని బంధించిన పెట్టె చల్లబడే కొద్దీ అవి గోడల్లోకి ఇంకిపోతాయి. అందుకే బోస్ లెక్కలో మొత్తం శక్తి ఇంత అన్న షరతు ఉంటుంది గాని, మొత్తం క్వాంటాలు ఇన్ని అన్న షరతు ఉండదు. ఇద్దరి పాలూ ఇంత స్పష్టంగా విడిగా కనిపిస్తుంటే ఒకరిది ఒకరు లాక్కున్నారనడానికి ఆధారమేదీ లేదు.

ఐన్‌స్టీన్ మీద బోస్ తరఫున ఫిర్యాదు చేయదలిస్తే దానికి తగిన చోటు వేరే ఉంది. 1924లోనే బోస్ రెండో వ్యాసం, పదార్థం సమక్షంలో వికిరణ సమతాస్థితి గురించినది, అదే పత్రిక 27వ సంపుటంలో వచ్చింది. దాన్ని కూడా ఐన్‌స్టీనే అనువదించారు, కానీ ఈసారి బోస్ ఊహతో తాను ఎందుకు ఏకీభవించడం లేదో అదే వ్యాసం చివర అచ్చు వేయించారు. దానికి సమాధానంగా పారిస్‌లో మరో వ్యాసం సిద్ధం చేసినట్టు బోస్ ఉత్తరాల్లో ఉంది. అది వెలుగు చూడలేదు. ఒక యువ శాస్త్రవేత్త ఆలోచన మొగ్గలోనే వాడిందని ఎవరైనా అంటే వినవచ్చు. సందేశాలు తిప్పేవారికి మాత్రం ఈ రెండో వ్యాసం ఉన్నట్టే తెలియదు.

ఇక బోర్డు మీద తప్పు కథ. రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మ పడే అవకాశం నాలుగింట ఒకటి కాగా, బోస్ పొరపాటున మూడింట ఒకటి అన్నారట. నాణేల ఉదాహరణ విద్యార్థులకు సులువుగా అర్థం కావడానికి పనికొస్తుంది గాని, బోస్ వ్యాసంలో నాణేలు లేవు. ఆయన బయలుదేరినది ఒక తర్కదోషాన్ని సరిచేయడానికి. ప్లాంక్ 1900లో ఇచ్చిన సూత్రంలో ఒక గుణకం పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం నుంచి అరువు తెచ్చుకున్నది; క్వాంటం సూత్రాన్ని రాబట్టడానికి, ఆ సూత్రం తోసిపుచ్చే సిద్ధాంతాన్నే ఆసరా చేసుకోవడం బోస్‌కు నచ్చలేదు. అందుకని స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ కలిపి ఊహించిన అంతరాళాన్ని, ప్లాంక్ స్థిరాంకం ఘనమంత పరిమాణం గల గదులుగా కోశారు. ధ్రువణం (కాంతి తరంగం కంపించే రెండు దిశలు) కోసం రెండుతో హెచ్చించి, ఒక్కో పౌనఃపున్యానికి ఎన్ని గదులు వస్తాయో లెక్కపెట్టారు. అరువు గుణకం దానంతటదే వచ్చేసింది. ఆ తరువాత ఏ క్వాంటం ఏ గదిలో ఉంది అని ఆయన అడగలేదు. ఖాళీ గదులు ఎన్ని, ఒక్క క్వాంటం ఉన్నవి ఎన్ని, రెండేసి ఉన్నవి ఎన్ని అని మాత్రమే అడిగారు. కొత్తదనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. తాను చేసింది అంత కొత్త పని అని అప్పట్లో తనకు తట్టలేదని బోస్ తర్వాత చెప్పిన మాట నిజమే, 'తప్పు' కథ బహుశా అక్కడే మొలకెత్తి ఉంటుంది. ఒక అడుగు ఎంత దూరం పోతుందో తెలియకపోవడం వేరు, లెక్క తప్పడం వేరు.

'దైవకణం' సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. బోసాన్ అనేది ఒక కణం పేరు కాదు, ఒక వర్గం పేరు; బోస్ గణాంకాలను, అంటే పైన చెప్పిన లెక్కింపును, పాటించే కణాలన్నిటికీ ఆయన గౌరవార్థం భౌతిక శాస్త్రవేత్త డిరాక్ పెట్టిన పేరు. ఫోటాన్, గ్లూవాన్, డబ్ల్యూ, జెడ్ అన్నీ బోసాన్లే. హిగ్స్ బోసాన్ ఆ వర్గంలో ఒకటి. 1964లో హిగ్స్, ఆంగ్లేర్, బ్రౌట్ తదితరులు విడివిడిగా రాసిన వ్యాసాల నుంచి ఆ ఊహ వచ్చింది, 2012 జూలై 4న యూరప్ కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్ దాని జాడను ప్రకటించింది, 2013లో హిగ్స్‌కూ ఆంగ్లేర్‌కూ బహుమతి వచ్చింది. 1924లో దాని ఊసే లేదు. కణానికి బోస్ పేరు ఉంది కాబట్టి కనిపెట్టింది కూడా ఆయనే అనడం, ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఆస్తిలో వాటా అడిగినట్టు ఉంటుంది.

నోబెల్ విషయంలో సందేశం రాసినవారు తేదీలు చూసుకోలేదు. యాభై ఏళ్లు దాటిన ప్రతిపాదనల వివరాలను నోబెల్ సంస్థ బయటపెడుతుంది. వాటి ప్రకారం బోస్ పేరును 1956లో కేదారేశ్వర్ బెనర్జీ, 1959లో డి.ఎస్. కొఠారీ, 1962లో ఎస్.ఎన్. బాగ్చీ ప్రతిపాదించారు. ఐన్‌స్టీన్ 1955 ఏప్రిల్‌లోనే కన్నుమూశారు. బోస్ కృషిని పరిశీలించిన స్వీడన్ శాస్త్రవేత్త ఆస్కార్ క్లైన్ అది బహుమతికి తగదని నివేదించారు. ఆ తీర్పు నాకూ మింగుడుపడదు, కానీ దానికి ఐన్‌స్టీన్‌ను బోనెక్కించలేం. ఆయన బోస్ పేరును ప్రతిపాదించి ఉండవలసింది, ప్రతిపాదించలేదు అనడం న్యాయం. 2001లో కండెన్సేట్ ప్రయోగాలకు కార్నెల్, కెటెర్లి, వీమన్‌లకు బహుమతి వచ్చేనాటికి బోస్ పోయి 27 ఏళ్లయింది.

చివరి ఆరోపణ, ఒక్క వ్యాసంతో ఆయన చేతులెత్తేశారన్నది, నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే ఇది ఆయన్ను పొగుడుతూనే ఆయన యాభై ఏళ్ల పనిని చెరిపేస్తుంది. 1924కు ముందే 1918లో తోటి శాస్త్రవేత్త మేఘనాద్ సాహాతో కలిసి వాయువుల స్థితి సమీకరణం మీద 'ఫిలాసఫికల్ మ్యాగజైన్'లో రాశారు. ఐన్‌స్టీన్ సాపేక్షతా వ్యాసాలను సాహాతో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం దాన్ని పుస్తకంగా వేసింది. 1924 జూన్ ఉత్తరంలో ఆయన తనను తాను పరిచయం చేసుకున్నది కూడా ఆ అనువాదకుడిగానే. ఐన్‌స్టీన్ పంపిన పోస్టుకార్డు చూపించగానే యూరప్ వెళ్లడానికి యూనివర్సిటీ రెండేళ్ల సెలవు మంజూరు చేసిందని, జర్మన్ కాన్సులేట్ రుసుము లేకుండా వీసా ఇచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. పారిస్‌లో ఎక్స్‌రే పనులు నేర్చుకుని, బెర్లిన్‌లో ఐన్‌స్టీన్‌ను కలిసి వచ్చి ఢాకాలో ఆచార్యులయ్యారు. 1929లో మద్రాసులో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో గణిత, భౌతికశాస్త్ర విభాగానికి అధ్యక్షత వహించారు. 1936లో మహలనోబిస్ డి-స్క్వేర్ (రెండు సమూహాల మధ్య తేడాను కొలిచే గణాంకం) మీద, 1938లో అయనోస్ఫియర్‌లో, అంటే వాతావరణం పైపొరలో, రేడియో తరంగాల పరావర్తనం మీద, తరువాత సాపేక్షతా సిద్ధాంతపు గణితమైన లోరెంట్జ్ గ్రూపు మీద రాశారు. 1953 నుంచి 1955 దాకా, అరవై ఏళ్ల వయసులో, గురుత్వాకర్షణనూ విద్యుదయస్కాంతాన్నీ ఒకే సిద్ధాంతంలోకి తేవాలని ఐన్‌స్టీన్ రాసిన ఏకీకృత క్షేత్ర సమీకరణాల మీద వరుసగా ఐదు వ్యాసాలు వెలువరించారు; వాటిలో ఒకటి 1954లో 'ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్'లో వచ్చింది. మొత్తం మీద రెండు డజన్లకు అటూఇటూ వ్యాసాలు. ఈనాటి లెక్కల్లో తక్కువే. ఇవాళైతే పదోన్నతి కమిటీ ఆ సంఖ్య చూసి పెదవి విరిచేదేమో. కానీ ఆ జాబితాలో 1924 తరువాతి తేదీలే ఎక్కువ.