చేపలకు సుప్రభాతం

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. అయితే అది సూళ్లూరుపేట వైపే ఆగిపోయింది, తిరుపతి ఊళ్లో మా బైరాగిపట్టెడ దాకా రాలేదు. ఆ లోటు తీర్చే భారం నేనే నెత్తికెత్తుకుని, హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. మూడడుగుల తొట్టి, రెండు క్లౌన్ చేపలు, ముందు ముందు పగడాలు. ఇక లైటొక్కటే బాకీ.

ఇంటికి లైటు కొన్నప్పుడు 'తెలుపా, పసుపా' అన్నదాన్ని మించి ఆలోచించిన పాపాన పోలేదు. చేపలకైతే కెల్విన్లు, అంటే వెలుగు రంగు కొలతలు, తెలియాలట. పట్టపగటి ఎండ ఆరువేల చిల్లర, షాపులో చూపించిన నీలం లైటు 20,000 కెల్విన్లు. సముద్రంలో ఎరుపు పైపైనే ఇంకిపోతుంది, లోతుకు దిగేది నీలమే. పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఆ వెలుగుతో అది వండి పెడితేనే పగడానికి పూట గడుస్తుంది. ఇంత శాస్త్రం విన్నాక ఊరుకుంటానా, మెటల్ హాలైడ్ అనే పెద్ద దీపం అడిగాను.

"వద్దు సామీ, నీళ్లు కాగిపోతాయి. 26 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాల. మన ఎండలకు అది తోడైతే పులుసే" అన్నాడు షాపబ్బాయి.

చివరికి ఫ్రిజ్ ధర పెట్టి ఎల్‌ఈడీ తెచ్చాను. దానికో టైమరు. పొద్దున పదింటికి సన్నటి నీలం, సుప్రభాతం. మధ్యాహ్నం పూర్తి వెలుగు, సర్వదర్శనం. రాత్రి ఎనిమిదికి వెన్నెల, ఏకాంతసేవ. కరెంటు పోతే సేవలన్నీ రద్దు. హాల్లో కూర్చున్న వాళ్లమంతా నీలమేఘశ్యాములమయ్యాం. "పెళ్లి స్టేజీ ఇంట్లోకెందుకు నాయనా?" అని మా అత్తగారు అడిగారు. ఆవిడకు కెల్విన్ల గురించి ఏం తెలుసు!

అసలు సంగతి నెల తర్వాత నాకు తెలిసింది. గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి పక్కనే ఉన్నాయి. మన సముద్రంలోంచి తెచ్చి పెంచుకుంటే నాకే వేరే గది చూపిస్తారు. క్లౌన్ చేపలకేమో మామూలు ట్యూబ్‌లైటు చాలు. అదైనా మనం చూసుకోడానికే.

లైటు మాత్రం వృథా పోలేదు. రాళ్ల మీద, గాజు మీద నాచు ఏపుగా లేచింది. పాత ఏటీఎం కార్డుతో గీకి గీకి వేళ్లు ఉప్పుకు పగిలాయి. మళ్లీ షాపుకెళ్తే నాచు తినే నత్తలు ఆరు అంటగట్టాడు. రెండు రోజులు చూశాను. రాతి సందులోంచి ఒక్కటీ కదల్లేదు.

"అవి చీకటి పడితేగానీ మేతకు రావు సామీ. ఆ లైటు కాస్త తగ్గించండి."

ఏకాంతసేవ సాయంత్రం ఐదింటికే మార్చాను.