మా బాబాయికి వచ్చిన లింకూ అలాంటిదే

ప్రభుత్వాలు చేయించే తప్పుడు ప్రచారం వేరు, సైబర్ మోసం వేరు అన్నట్టు రాశారు ఈ వ్యాసంలో. నేను ఒప్పుకోలేకపోతున్నానండీ. పోయిన ఎండాకాలం దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాబాయికి కరెంటు బిల్లు కట్టలేదని, రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ పీకేస్తామని మెసేజ్ వచ్చింది. లింకు నొక్కితే అచ్చం బిల్లు కట్టే పేజీయే. అదే లోగో, అదే రంగు. అడ్రసులో ఒక్క అక్షరం ఎక్కువ. కళ్లజోడు పెట్టుకుని చూసినా ఆయనకు కనబడలేదు, పద్దెనిమిది వేలు పోయాయి.

ఇప్పుడు 2022లో బయటపడ్డ డాపెల్‌గ్యాంగర్ అనే తప్పుడు ప్రచారం సంగతి చూడండి. రష్యా తరఫున నడిచిన ఆ ప్రచారంలో లె మోండ్, డెర్ ష్పీగెల్, గార్డియన్ లాంటి పత్రికల సైట్లను అచ్చుగుద్దినట్టు దించేశారు. లె మోండ్ అడ్రసు చివర డాట్ ఎఫ్ఆర్ బదులు డాట్ ఎల్‌టీడీ, అంతే తేడా. పైగా లింకు నొక్కినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో చూసి, కావలసినవాళ్లకే నకిలీ వార్త చూపించి, మిగతావాళ్లను ఇంకెక్కడికో మళ్లించేవారు. పట్టుకునేవాళ్ల కళ్లుగప్పడానికి ఆన్‌లైన్ దొంగలు ఏళ్లుగా వాడుతున్న ఎత్తే అది. 2024 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ ఈ ప్రచారానికి వాడిన 32 డొమైన్లను, అంటే వెబ్‌సైట్ల అడ్రసులను, స్వాధీనం చేసుకుంది.

బాబాయికి డబ్బు పోయిందని వెంటనే తెలిసింది, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. పత్రిక పేరు చూసి అబద్ధాన్ని నమ్మినవాళ్లకు మోసపోయామన్న సంగతే తెలియదు. నా బాధ అదే. తర్వాతి భాగంలో దీని గురించి తప్పక రాయండి.