31వ పంక్తి గొడవలో మరుగున పడిన మోయాబు

మృత సముద్రానికి తూర్పున ఉన్న మోయాబు అనే చిన్న రాజ్యపు రాజు మేషా వేయించిన, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న శాసనం గురించి కొన్నేళ్లుగా సాగుతున్న చర్చ అంతా 31వ పంక్తిలోని ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. అరిగిపోయిన ఆ చోట ‘దావీదు వంశం’ అని చదవాలని శాసన పండితుడు ఆంద్రే లెమేర్ 1994లో ప్రతిపాదించారు. అది బాలాకు అనే మోయాబు రాజు పేరు కావచ్చని 2019లో ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్, నదావ్ నామాన్, థామస్ రోమర్ వాదించారు. కొత్త ఛాయాచిత్రాలను చూపి పాత పాఠమే సరైనదని 2022లో లెమేర్ మరొక పరిశోధకుడితో కలిసి మళ్లీ రాశారు. ఈ రెండు పాఠాల్లో ఏది నిలిచినా నాకు పేచీ లేదు. కానీ ఒక చిన్న రాజ్యపు రాజు తన నేల గురించి, తన దేవుడి గురించి, తన ఊరి నీళ్ల గురించి 34 పంక్తుల్లో స్వయంగా చెప్పుకొన్న మాటలు మన ముందు ఉండగా, అందులో పొరుగు రాజవంశం పేరు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆ రాతికి విలువ కట్టడం తప్పు. మోయాబును మోయాబుగా చదవనంత కాలం ప్రాచీన ఇశ్రాయేలు కూడా మనకు సగమే తెలుస్తుంది.

రాయి దొరికిన కథ చాలామందికి తెలిసిందే. నేటి జోర్డాన్‌లోని ధీబాన్ అనే ఊళ్లో 1868లో ఫ్రెడరిక్ క్లైన్ అనే మిషనరీకి అక్కడి బెదూయిన్లు ఒక నల్లని బసాల్ట్ రాయిని చూపించారు. దాని కోసం యూరప్ దేశాల ప్రతినిధులు పోటీ పడ్డారు, ఒట్టోమన్ అధికారులు ఒత్తిడి తెచ్చారు. చివరికి బనీ హమీదా తెగవారు ఆ రాయిని నిప్పుల్లో కాల్చి, చన్నీళ్లు పోసి ముక్కలు చేశారు. అంతకు ముందే ఫ్రెంచ్ పండితుడు షార్ల్ క్లెర్మాన్-గనో పంపిన మనిషి తడి కాగితం అదిమి తీసిన అచ్చు, చిరుగుల మధ్యనే అయినా, దక్కింది. కాబట్టి పోయిన ముక్కల స్థానంలో అక్షరాలను నింపగలిగారు. ఆ తరవాత మోయాబు వస్తువులకు ఎంత గిరాకీ ఏర్పడిందంటే, జెరూసలేం వ్యాపారి మోజెస్ షపీరా దుకాణం నుంచి వచ్చిన నకిలీ మట్టిబొమ్మలను ప్రష్యా ప్రభుత్వం పెద్ద సంఖ్యలో కొని భంగపడింది. బైబిల్లో ఉన్న పేరుకు సాక్ష్యం కావాలన్న ఆత్రం అప్పుడే మొదలైంది. 31వ పంక్తి గొడవ దానికి కొనసాగింపే.

ఇక రాయి ఏం చెబుతోందో వినాలి. క్రీ.పూ. 9వ శతాబ్దంలో దీబోను (నేటి ధీబాన్) వాడైన మేషా, మోయాబు దేవుడు కెమోషుకు కర్హో అనే చోట ఉన్నత స్థలం (ఆరాధనా స్థలం) కట్టించి ఈ శాసనం వేయించాడు. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును చాలాకాలం అణచివేశాడని చెబుతూ, అందుకు మేషా ఇచ్చిన కారణం చూడండి: కెమోషు తన దేశం మీద కోపించాడు. ఒమ్రీ బలవంతుడని గానీ, మోయాబు సైన్యం చాలలేదని గానీ అతడు అనడు. ఓటమికి కారణం సొంత దేవుడి కోపం, విడుదలకు కారణం ఆ కోపం చల్లారడం. తెలుగు బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం చదివినవారికి ఈ తర్కం కొత్త కాదు. అక్కడ కూడా యెహోవా కోపించినప్పుడే ఇశ్రాయేలీయులు శత్రువుల చేతికి చిక్కుతారు, ఆయన కనికరించినప్పుడే బయటపడతారు. దేవుడి పేరు మారింది కానీ చరిత్రను అర్థం చేసుకునే పద్ధతి ఒక్కటే.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం నెబో పట్టణం ప్రస్తావనలో ఉంది. కెమోషు తనను వెళ్లి ఇశ్రాయేలు నుంచి నెబోను పట్టుకొమ్మన్నాడని, రాత్రివేళ బయలుదేరి తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాకా పోరాడానని, 7000 మందిని, స్త్రీలను, పిల్లలను కూడా విడవకుండా చంపానని, ఎందుకంటే ఆ పట్టణాన్ని అష్తార్-కెమోషు అనే దేవతకు ‘హేరెం’ చేశానని, అంటే దేవుడి సొత్తుగా విడిచి పూర్తిగా నాశనం చేశానని మేషా రాయించాడు. యెరికో కథలో పట్టణాన్ని యెహోవాకు శపితంగా విడిచిపెట్టడాన్ని హెబ్రీ బైబిల్ ఇదే ధాతువుతో చెబుతుంది. యెహోవా పాత్రలను తెచ్చి కెమోషు ముందుకు ఈడ్చుకువచ్చానన్న మాట వెంటనే వస్తుంది. బైబిల్ వెలుపల యెహోవా పేరు నిస్సందేహంగా కనిపించే అతి పాత రాతల్లో ఇదొకటి, అదీ శత్రువు చెక్కించిన రాత. ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల పవిత్ర పెట్టె అయిన మందసాన్ని తమ దేవుడు దాగోను గుడికి తీసుకుపోయిన బైబిల్ కథకు దీనికీ ఉన్న పోలికను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

భాష కూడా అదే చెబుతోంది. మోయాబు పలుకు హెబ్రీకి ఎంత దగ్గరదంటే, బహువచనానికి ‘మ’కారం బదులు ‘న’కారం రావడం వంటి కొద్ది తేడాలను పక్కన పెడితే, యెరూషలేము లేఖకుడు దీబోను రాతను ఇబ్బంది లేకుండా చదివి ఉండేవాడు. యుద్ధాన్ని వరసగా చెప్పుకుపోయే క్రియారూపం కూడా రెండింటిలో ఒకటే. ఇద్దరూ ఒకే ఇంటి భాష మాట్లాడిన దాయాదులు.

ఒమ్రీ సంగతే తీసుకోండి. రాజుల గ్రంథం అతని పాలనను ఆరు వచనాల్లో ముగించి, చెడ్డ రాజని తీర్పు చెప్పి పక్కకు తప్పుకొంది. కానీ అతని పేరు చెబితేనే ఇశ్రాయేలు గుర్తొచ్చేటంత పెద్ద రాజు అతడని పొరుగువారికి తెలుసు. అతని వంశాన్ని నిర్మూలించిన యెహూను కూడా అష్షూరు (అస్సీరియా) రాజు మూడవ షల్మనేసెరు శాసనం ‘ఒమ్రీ కుమారుడు’ అనే పిలిచింది. మోయాబు రాయి, అష్షూరు రాయి లేకపోతే ఇశ్రాయేలీయుల అతి పెద్ద రాజుల్లో ఒకడిని ఇశ్రాయేలీయుల గ్రంథం నుంచే మనం తెలుసుకోలేకపోయేవాళ్లం. ఇశ్రాయేలు చరిత్రకు పొరుగువారు కేవలం సాక్షులు కారు, సహ రచయితలు అని నేను అనడానికి ఇది ఒక్కటి చాలు.

బైబిల్ లేకపోతే మోయాబు గొడవ ఎవరికి కావాలి అని అడిగేవారున్నారు. దావీదు ఉనికికి ఒక్క అదనపు సాక్ష్యం దొరికినా అది పెద్ద విషయమేనని, నిజమైన చరిత్రకారుడు దాన్ని వదులుకోడని కూడా అంటారు. ఇశ్రాయేలు ప్రవక్తల నీతిని కెమోషు యుద్ధాలతో ఒకే గాటన కట్టవద్దని మరికొందరు హెచ్చరిస్తారు. మొదటి మాటలో నిజం ఉంది. దావీదు వంశం ప్రస్తావనకైతే 1993లో తేల్ దాన్‌లో దొరికిన అరామిక్ శాసనం ఉండనే ఉంది, దాని కోసం మేషాను పిండనక్కర్లేదు. ప్రవక్తల సంగతికి వస్తే, ఎదోము రాజు ఎముకలను కాల్చి సున్నం చేసినందుకు మోయాబును నిందించినవాడు ఆమోసే. మోయాబు ఎదోముకు చేసిన అన్యాయం కూడా తన దేవుడి లెక్కలోకి వస్తుందని ఆయన నమ్మాడు. పొరుగువారిని మరిచి చదివితే ఆ నమ్మకపు గొప్పతనం ఎలా తెలుస్తుంది?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. ‘ఇశ్రాయేలు శాశ్వతంగా నశించిపోయింది’ అని మేషా చెక్కించాడు. అతని కంటే దాదాపు మూడున్నర శతాబ్దాల ముందు ఐగుప్తు ఫరో మెర్నెప్తా కూడా ఇశ్రాయేలు విత్తనం మిగలలేదని చాటించాడు. ఇద్దరివీ గెలిచిన రాజుల ప్రశస్తులు. కానీ రాజ్యం పోగొట్టుకుని, గుడి కాలిపోయి, బబులోనుకు చెరపోయిన జనం తమ ఓటమిని తామే రాసుకున్నారు, తరతరాలుగా దానికి నకళ్లు తీశారు. మోయాబు కథకు నకలు తీసేవారు మిగలలేదు. రాతిని చదవగలవారు పోయాక అది ధీబాన్ నేల మీద ఉత్త రాయిగా పడి ఉంది. రాసుకున్నవాడి కథ చరిత్ర అయిందని, రాసినా దాన్ని కాపాడే మనిషి లేనివాడు ఇతరుల కథలో దుష్టపాత్రగా మిగిలాడని గుర్తించిన చరిత్రకారుడి మీద అదనపు బాధ్యత ఉంటుంది. నోరు లేనివాడి వైపు అతడు కాస్త ఎక్కువ చెవి ఒగ్గాలి.

రాజుల రెండవ గ్రంథం మూడో అధ్యాయంలో ఆ చెవికి వినిపించే మాట ఒకటి ఉంది. ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు ముగ్గురూ కలిసి మేషా మీదికి వస్తారు. చివరి కోటలో చిక్కుకున్న మేషా తన పెద్ద కొడుకును ప్రాకారం మీద బలి ఇస్తాడు. ఆ వెంటనే ఇశ్రాయేలు మీదికి గొప్ప ఉగ్రత వచ్చిందని, వారు వెనుదిరిగి పోయారని ఆ గ్రంథమే ఒప్పుకుంటుంది. అది ఎవరి ఉగ్రతో చెప్పదు. ఆ మౌనంలో కెమోషు భయం ఉందని నేను చదువుతాను.

తవ్వకాల విషయంలోనూ ఈ అసమానత కొనసాగుతోంది. యొర్దాను నదికి పడమర గట్టున తవ్వినంతగా తూర్పు గట్టున తవ్వలేదు. తవ్విన చోట్ల మాత్రం ఫలితం వెంటనే కనిపిస్తోంది. మేషా పట్టుకున్నానన్న అతారోతు నేటి ఖిర్బత్ అతారూజ్ అని పండితులు గుర్తించారు. అక్కడ ఒక గుడి, మోయాబు లిపిలో రాత ఉన్న రాతి పీఠం బయటపడ్డాయి. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన గాదు మనుషులు అనాది నుంచి ఆ అతారోతులో ఉండేవారని మేషా తన శాసనంలోనే ఒప్పుకున్నాడు. గెలిచిన రాజు ఓడినవాడి పాత హక్కును రాతి మీద చెక్కించిన అరుదైన సందర్భమది, అయినా 31వ పంక్తికి దక్కిన పేరులో పదోవంతు ఈ పంక్తికి దక్కలేదు.

శాసనంలో యుద్ధం ఊసే లేని భాగమూ ఉంది. కర్హోలో నీటి తొట్టి లేదని, ప్రతి మనిషీ తన ఇంట్లో ఒక తొట్టి తొలుచుకోవాలని ప్రజలందరికీ చెప్పానని, అర్నోను లోయలో దారి వేయించానని మేషా లెక్క చెబుతాడు. ఇశ్రాయేలు ఖైదీలతో కందకాలు తవ్వించానని కూడా దాచకుండా చెబుతాడు. వాన తక్కువగా పడే ఆ పీఠభూమి మీద ఇంటింటి తొట్టి అంటే ఒక ఏడాది బతుకు. ధీబాన్ దిబ్బలో రాతిని తొలిచిన తొట్లు నేటికీ ఉన్నాయి. వాటిలో ఏవి మేషా కాలానివో, ఎన్ని కుటుంబాలు వాటి మీద ఆధారపడ్డాయో తేల్చడానికి దావీదు పేరు అవసరం లేదు, ఓపికగా తవ్వేవారు కావాలి.