చవక స్ప్రేయర్‌తో ఒక్క పూటలో ఇల్లంతా రంగు? ఆ మెసేజ్‌ని నమ్మకండి

ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: "ఇంటి బయట రంగుకు రోలర్ అక్కర్లేదు, చేత్తో పట్టుకునే చవక కరెంటు స్ప్రేయర్ చాలు. వాట్స్ ఎక్కువున్నది చూసి కొనండి. రంగు చిక్కగా ఉంటే నీళ్లు పోయండి. రంగు సగం ఆదా, పని ఒక్క పూటలో పూర్తి. ఆరుబయటే కదా, మాస్క్ కూడా వద్దు." చవక స్ప్రేయర్ల మీద నాకు కోపమేమీ లేదు, నా దగ్గరా ఒకటుంది, ఇష్టంగానే వాడుతున్నాను. కానీ ఈ మెసేజ్ నమ్మి కొన్నవాళ్లు గోడా పాడుచేసుకుంటారు, డబ్బూ పోగొట్టుకుంటారు. చివరి మాట నమ్మితే ఒంటికే ముప్పు.

ముందు నీళ్ల సంగతి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చవకగా దొరికే చేతి స్ప్రేయర్లు చాలావరకు హెచ్‌వీఎల్‌పీ రకం, అంటే గాలి ఎక్కువ, ప్రెషర్ తక్కువ. గన్ మూతి దగ్గర గాలి ప్రెషర్ 10 పీఎస్ఐ (ప్రెషర్‌ను కొలిచే లెక్క) దాటదు. బయటి గోడలకు వేసే ఎమల్షన్, అంటే నీళ్లు కలిపే రంగేమో చిక్కన. అంత తక్కువ ప్రెషర్ దాన్ని సన్నటి తుంపరగా విడగొట్టలేక ఉమ్మినట్టు చుక్కలు చుక్కలుగా వదులుతుంది. అప్పుడు అందరూ చేసేది నీళ్లు పోయడమే, సరిపోకపోతే ఇంకొంచెం. ఎంత కలపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, అది దాటితే రంగు గోడకు జారిపోతుంది, కింది రంగు కనబడుతూనే ఉంటుంది, ఆరాక పొర పలచబడి ఎండకూ వానకూ నిలవదు. నేను ఒకసారి ప్రహరీ గోడకు సరిగ్గా ఇదే చేశాను. గన్ బాగా నడుస్తోందన్న సంతోషంలో నీళ్లు పోస్తూనే పోయాను, ఒక్క వానాకాలం గడిచేసరికి చేత్తో రుద్దితే సుద్దలా రాలింది. మళ్లీ మొత్తం రుద్ది, ప్రైమర్ కొట్టి, రోలర్‌తో రెండు కోటింగ్‌లు వేయాల్సి వచ్చింది.

చాలా స్ప్రేయర్ల పెట్టెలో కింద చిల్లున్న చిన్న కప్పు ఒకటి వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉందో కొలవడానికి. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. దాన్ని రంగుతో నింపి, ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో చూసి, మాన్యువల్లో ఇచ్చిన సెకన్లతో పోల్చుకోవాలి. డబ్బా మీద చెప్పినంత నీళ్లు కలిపాక కూడా ఆ సెకన్లకు రాకపోతే ఆ రంగుకు ఆ మిషన్ పనికిరాదన్నట్టే. ఇంకా నీళ్లు పోయడం దానికి మందు కాదు.

వాట్స్ చూసి కొనమనడం ఇంకో తప్పు. మోటార్ ఎంత కరెంటు తాగుతుందో తప్ప, ఏ రంగు కొట్టగలదో వాట్స్ చెప్పవు. చూడాల్సింది నాజిల్ సైజు, అంటే రంగు బయటికొచ్చే మూతి చిల్లు ఎంతుందని. ఎనామిల్, వార్నిష్ లాంటి పలచటి వాటికి 1.3 నుంచి 1.8 మిల్లీమీటర్లు సరిపోతుంది, చిక్కటి ఎమల్షన్‌కి 2.5, ఆపైన కావాలి. ఒకే సైజు నాజిల్‌తో వచ్చేదాన్ని నేనైతే కొనను. ఇంకోటి, మోటార్ గన్‌లోనే ఉంటే, గన్‌కి బిగించిన, నిండా రంగున్న కప్పుతో కలిపి ఆ బరువు పది నిమిషాలకే భుజం లాగేస్తుంది. మోటార్ కింద ఉండి పైపుతో గన్‌కి గాలి వచ్చే రకం ఇంకాస్త ఖర్చైనా మేలు.

ఎయిర్‌లెస్ రకం వేరే లెక్క. అది గాలి లేకుండా రంగునే 1500 నుంచి 3000 పీఎస్ఐ దాకా నెట్టి సన్నటి చిల్లులోంచి వదులుతుంది, అందుకే చిక్కటి ఎమల్షన్ కూడా పడుతుంది. దాని టిప్ (రంగు బయటికొచ్చే మూతి) మీద 515 అని ఉంటే, మొదటి అంకెను రెట్టింపు చేస్తే 10, అంటే గోడకు అడుగు దూరంలో పట్టుకుంటే పది అంగుళాల వెడల్పు పట్టీ పడుతుంది. మిగతా 15, చిల్లు అంగుళంలో వెయ్యింట 15 వంతులని. మిషన్ గరిష్ఠంగా ఏ సైజు టిప్‌ను లాగగలదో అడిగి తెలుసుకోండి, బయటి గోడల ఎమల్షన్‌కి మామూలుగా 15 నుంచి 19 మధ్య కావాలి.

రంగు సగం ఆదా అన్నది పూర్తిగా తిరగేసి చెప్పిన మాట. రోలర్‌తో వేస్తే రంగు దాదాపు అంతా గోడకే పోతుంది. స్ప్రేలో కొంత గాల్లో కలిసిపోవడం ఖాయం, గాలి వీచే రోజున అది పక్కింటి కారు మీద కూడా వాలుతుంది. గ్రిల్ కొడితే సందుల్లోంచి పోయేదే ఎక్కువ, వెనక అట్ట పెట్టుకోవాలి.

ఒక్క పూట అంటారా, కొట్టడం నిజంగానే త్వరగా అవుతుంది. కానీ గోడ కడిగి ఆరబెట్టడం, పెచ్చులు గీకడం, కిటికీలకూ తలుపులకూ కాగితం, టేప్ వేయడం, రంగు వడగట్టడం, చివర్లో గన్ విప్పి కడగడం, ఇవన్నీ ఎవరు లెక్కపెడతారు? గరుకు గోడైతే స్ప్రే చేసిన వెంటనే, తడి ఆరకముందే పైన రోలర్ తిప్పాలి, లేకపోతే రంధ్రాల్లోకి రంగు దిగదు.

ఇక మాస్క్. దయచేసి ఆ మాట వినకండి. ఆరుబయటైనా తుంపర మీ మొహం ముందే ఉంటుంది. థిన్నర్ కలిపే రంగులకు గుడ్డ మాస్క్ చాలదు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. పైగా ఆ ఆవిరి అంటుకునేది. మాన్యువల్లో ఒప్పుకుంటేనే అలాంటి రంగు ఆ మిషన్‌లో పోయాలి. ఎయిర్‌లెస్ మూతికి వేలు అడ్డం పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ ప్రెషర్‌కి రంగు చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది, బయట చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, కానీ ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే కడిగి కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ప్రెషర్‌తో రంగు లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి. టిప్ మార్చేముందు మిషన్ ఆపి, ప్రెషర్ వదిలేసి, ట్రిగ్గర్ లాక్ వేయాలి.

మరి ఏది కొనాలి? గేటు, గ్రిల్, కంచె, తోట కుర్చీలే మీ పనైతే రెండు మూడు నాజిళ్లున్న చవక హెచ్‌వీఎల్‌పీ చక్కగా సరిపోతుంది. ఇంటి బయటి గోడలన్నీ కొట్టాలంటే ఎయిర్‌లెస్‌ను ఒకట్రెండు రోజులు అద్దెకు తెచ్చుకోండి, లేదా మంచి రోలర్, పొడవాటి కర్ర కొనుక్కోండి. కొనేముందు గన్‌ను అక్కడే విప్పించి చూడండి, పనిముట్లు లేకుండా చేత్తో విప్పి కడగలిగేదే తీసుకోండి. ఎమల్షన్ నాజిల్లో ఒకసారి గట్టిపడిందంటే, ఆ మిషన్ రెండోసారి సరిగ్గా పనిచేయడం కష్టం.