కంపెనీ ఫిట్టింగు కాని స్వామి

మా పోర్టికోలో పద్నాలుగు నెలలుగా జాతీయ ప్రాముఖ్యం గల పని ఒకటి జరుగుతోంది. తిరుపతిలో ఒక్క పత్రికా దాని గురించి రాయలేదు కాబట్టి నేనే రాసుకోవాల్సి వస్తోంది. మా నాన్న 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు డ్యాష్‌బోర్డునీ లోపలి సరంజామానీ కంపెనీలో పుట్టినప్పటి రూపానికి తీసుకురావడమే ఆ పని. ఇంజను సంగతి తర్వాత చూసుకోవచ్చు. అది బానెట్ కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. మనిషి కూర్చునేది డ్యాష్‌బోర్డు ముందు.

ప్రభుత్వానికి కూడా ఈ విషయంలో అవగాహన తక్కువ. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20,000 రూపాయలు కట్టాలి. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. మార్చకూడని ఆ జాబితాలో డ్యాష్‌బోర్డు లేదు! అంటే దాన్ని పీకేసి అక్కడ రుబ్బురోలు పెట్టుకున్నా బండి వింటేజే. మా బండికి 50 నిండేది 2034లో. అప్పటికి నా పని ఒక కొలిక్కి వస్తుందని మా ఆవిడ అంచనా.

అసలు డ్యాష్‌బోర్డు ఎందుకు పగిలింది? తిరుపతి ఎండ గురించి తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కొండ బండలు పగలంతా కాగి రాత్రంతా మన మీదికి ఊదుతాయి. అద్దాలు ఎత్తి ఎండలో పెట్టిన కారులో వేడి బయటి కన్నా చాలా ఎక్కువ. రెగ్జిన్ అంటే గుడ్డ మీద పూసిన పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఆ వేడికి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. పోయి ఎక్కడికీ పోదు, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా అంటుకుంటుంది. నలభై ఏళ్ళుగా మేం పాత బనీనుతో తుడిచి పారేసింది మా డ్యాష్‌బోర్డు ప్రాణమేనని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ నూనె పోయాక రెగ్జిన్ అప్పడంలా బిగుసుకుని, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చింది.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయమని తెలిసినవాళ్ళందరూ చెప్పారు. మా బండిలో బ్యాటరీయే లేదు కాబట్టి ఈ దశ విజయవంతంగా పూర్తయింది. తర్వాతిది స్పీడోమీటర్ కేబుల్ నట్టు. మీటర్ల వెనకాల ఉంటుంది. చేతికి తగులుతుంది, కంటికి కనిపించదు. కనిపించేలా పడుకుంటే చేయి అందదు. చివరికి తల బ్రేకు పెడల్ దగ్గరా కాళ్ళు సీటు మీదుగా వెనక్కీ వేసి ఒక ఆసనం కనిపెట్టాను. అప్పుడే పాలు తెచ్చిన అబ్బాయి కారులోకి తొంగి చూసి, “అమ్మా, సారు తలకిందులుగా ఉండాడు, పలకతా లేడు” అని ఇంట్లోకి కేకేశాడు. నట్టు నోట్లో పెట్టుకుని ఎలా పలుకుతారు? నట్టు రావడానికి గంట పట్టింది. నేను బయటికి రావడానికి ఇద్దరు మనుషులు పట్టారు.

వైర్లకు మాస్కింగ్ టేపు అంటించి పేర్లు రాయాలి. పొద్దున విప్పిన వాటికి ‘హారన్’, ‘వైపర్’, ‘చోటా లైటు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. సాయంత్రం విప్పిన వాటి మీద ‘ఇది’, ‘దాని పక్కది’, ‘అదే అనుకుంటా’ అని ఉంది.

సీటు విప్పడం వేరే శాస్త్రం, పురావస్తు శాఖకు చెందింది. ఈ బండికి గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది, ముందు సీటు బెంచీలా ఒకటే. ముగ్గురి కోసం చేసిన ఆ బెంచీ మీద మేం ఐదుగురం కాణిపాకం పోయినవాళ్ళం. పైన రెగ్జిన్, దాని కింద కొబ్బరి పీచు, దాని కింద గోనెపట్టా, అన్నిటికీ అడుగున స్ప్రింగులు. ఈ పొరల్లో దొరికినవి: చింతగింజలు, తిరుచానూరు కుంకుమ పొట్లం, ఒక హెయిర్‌పిన్ను, మూడు పావలాలు. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదు. అయినా అందులో తన వాటా ఏదని మా చెల్లెలు ఫోన్ చేసింది.

ఇంతవరకూ సవ్యంగానే సాగింది. అసలు సంక్షోభం స్వామి దగ్గర వచ్చింది. డ్యాష్‌బోర్డు నడిమధ్య మా నాన్న అంటించిన ఇత్తడి వేంకటేశ్వరుడు ఉన్నాడు. నేను భక్తుణ్ణే. కానీ సిద్ధాంతం సిద్ధాంతమే. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఈ డ్యాష్‌బోర్డు మీద స్వామి లేడు. కంపెనీ ఫిట్టింగు కానిది ఏదైనా తీసేయాల్సిందే. ఈ మాట భోజనాల దగ్గర అన్నాను.

మా అమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. “ఒరే, బండి పేరేంది?”

“పద్మిని.”

“పద్మిని అన్నా పద్మావతి అన్నా ఒగటే గదరా. అమ్మోరి ఇంట్లోంచి అయ్యోరిని ఎల్లగొట్టే మొగోడివా నువ్వు?”

1974కు ముందు ఈ మోడల్‌కు వేరే పేరు ఉండేదని చరిత్ర చెప్పబోయాను. “పెండ్లికి ముందు ఏ పేరైతే ఏందిరా?” అంది. మా నాన్న బతికున్నప్పుడు కూడా ఇంట్లో వాదనలు ఇలాగే ముగిసేవి.

శుభ్రం చేయడానికి మాత్రమేనని ఒప్పించి, నైలాన్ దారంతో రంపంలా కోసి స్వామిని మెల్లగా పైకి తీశాను. కింద అగ్గిపెట్టంత మేర నల్లటి రెగ్జిన్ ఉంది. పగుళ్ళు లేవు, రంగు వెలవలేదు, గోటితో నొక్కితే దిగి మళ్ళీ పైకి వస్తోంది. చుట్టూ ఉన్నదంతా బూడిదరంగు నెర్రెలు. నేను పద్నాలుగు నెలలుగా వెతుకుతున్న ఒరిజినల్ ఆయన పాదాల కింద ఉంది.

ఆ ముక్కను కోసి, విభూతి పొట్లంలా మడిచి సీటు కవర్ల అంగడికి పట్టుకుపోయాను. నలుపులో ఎన్ని నలుపులు ఉంటాయో ఆ రోజే తెలిసింది. పదో రోలు దగ్గర కుర్రాడికి ఓపిక పోయింది. “సార్, దీనికోసం ఎందుకు ఇంత టెన్షన్? డైమండ్ కుట్టు వేసి, ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టేస్తాం. కొత్త బండి మాదిరి ఉంటాది.” కొత్త బండి మాదిరి! పాత బండిని కొత్త బండిలా చేయడం మోసం. పాత బండిని కొత్తగా ఉన్న పాత బండిలా చేయడం సంస్కృతి. ఈ తేడా అతనికి అరగంట వివరించాను. అతను మధ్యలో టీకి వెళ్ళొచ్చాడు.

అంటించడం గురించి ఎక్కువ చెప్పను. జిగురు రెండు వైపులా పూసి, తడి ఆరేదాకా ఆగి, ఒక్కసారే అతికించాలి. అతికాక జరపడం కుదరదు. వంపుల దగ్గర రెగ్జిన్ సాగడానికి మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ వాడాను. అది ఇప్పుడు జుట్టుకు పనికిరాదు.

స్వామి పాత చోటే కొలువయ్యాడు. నా సిద్ధాంతాన్ని కూడా కొంచెం సవరించుకున్నాను. డ్యాష్‌బోర్డుకు స్వామి యాక్సెసరీ కాదు, స్వామికే డ్యాష్‌బోర్డు యాక్సెసరీ. ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చి తగిలిస్తే పెట్రోలు ముల్లు నిండుగా ‘ఫుల్’ చూపించింది. ట్యాంకు ఎండిపోయి ఏళ్ళయింది. ‘అదే అనుకుంటా’ అని రాసిన వైరు అది కాదన్నమాట. అయినా ముల్లును అలాగే ఉంచాను, చూడ్డానికి బాగుంది.

రోజూ సాయంత్రం స్టీరింగ్ ముందు కాసేపు కూర్చుంటున్నాను. నిన్న మా ఆవిడ కాఫీ అందిస్తూ, “ఇంత చేశారు గదా, ఒకసారి కొండకు పోయి పూజ చేయించుకోని రాకూడదా?” అంది. పోవచ్చు. కానీ అలిపిరి టోల్‌గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. బానెట్ తెరవమంటే?