తీరిక లేనివాళ్లు రాయాల్సింది నవలే

ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం. ఇన్నిటి మధ్య నవల రాసే టైమెక్కడిది, కథయితే ఓ ఆదివారం కూర్చుని రాసేయొచ్చు అనే మాట మన రచయితల్లో బాగా పాతుకుపోయింది. ఇది తలకిందుల లెక్క. సంసారం ఉన్నవాళ్లకు కథ కంటే నవలే అనువైనది.

కథ చిన్నదే కానీ అది అడిగే ధ్యాస చిన్నది కాదు. మొత్తం ఒకే ఊపులో నడవాలి. ఎత్తుగడ కుదిరేదాకా, ముగింపు తేలేదాకా మనసు మరో పనికి రాదు. అన్నం తింటున్నా, పిల్లల హోంవర్క్ చూస్తున్నా ఆ చివరి పేరాయే బుర్రలో తిరుగుతుంటుంది. మనిషి ఇంట్లోనే ఉంటారు, పిలిస్తే పలకరు. కథ అయిపోయిన మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది: కొత్త మనుషులు, కొత్త ఊరు, కొత్త గొంతు. ఏడాదికి పది కథలంటే పదిసార్లు ఈ టెన్షన్.

నవలలో ఆ కష్టమంతా మొదటి నాలుగైదు అధ్యాయాలకే. తర్వాత పాత్రలు మనకు తెలిసినవాళ్లయిపోతారు. నిన్న ఆమె బస్సు దిగింది, ఇవాళ తలుపు కొట్టాలి. అరగంట దొరికినా అక్కణ్నుంచి అందుకోవచ్చు. రోజుకు 250 మాటలు, వారానికి 5 రోజులు రాస్తే ఏడాదికి 65,000. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు తీసేసినా ఒక నవలకు సరిపోతుంది. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ బ్రిటిష్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, తెల్లవారుజామున గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. మొత్తం 47 నవలలు రాశాడు. అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మారిసన్ ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ, పిల్లలు నిద్ర లేవకముందే రాసుకునేవారు.

అంత దూరం వెళ్లక్కర్లేదు. 1960, 70లలో మన పత్రికల సీరియళ్లను పరుగులు పెట్టించింది యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ, వాసిరెడ్డి సీతాదేవి లాంటి రచయిత్రులే. సీరియల్ పద్ధతి నవలను వారం వారం కొంచెంగా, ఇంటి పనుల మధ్య ఇమిడేలా చేసింది. ఆ వారపత్రికలు చాలావరకు ఆగిపోయాక ఎక్కువగా మిగిలింది ఆదివారం అనుబంధంలో కథకు ఇచ్చే చోటు. మనవాళ్లు కథలే రాయడానికి అసలు కారణం అచ్చయ్యే జాగా. తీరిక లేకపోవడం మనం తర్వాత చెప్పుకున్న సాకు.

కథలే రాసి పేరు తెచ్చుకున్న కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో సంగతేమిటని అడుగుతారు. నిజమే, చిన్నపిల్లల్ని పెంచుతూ నవలకు వ్యవధి చిక్కకే కథల వైపు వెళ్లానని ఆమే చెప్పారు. 2013లో నోబెల్ కూడా ఆ కథలకే వచ్చింది. కానీ ఆమె కథల్లో చాలావాటిలో ఒక్కోదాంట్లో ఒక జీవితకాలం పడుతుంది. ఆ కొలతకు నవల రాయాల్సినంత ఓపికే కావాలి. అది ఆదివారం పూట పూర్తయ్యే పని కాదు.

అసలు తీరిక అనేది గడియారంలో దొరికేది కాదు, ఇంట్లో ఎవరో ఒకరు ఇస్తేనే వస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిపెట్టబట్టి ‘వేయిపడగలు’ నవల వేగంగా పూర్తయింది. 13 మంది పిల్లల్ని కన్న సోఫియా, భర్త టాల్‌స్టాయ్ కొట్టివేతలన్నీ విప్పుకుంటూ ‘యుద్ధము-శాంతి’ ప్రతిని మళ్లీ మళ్లీ శుభ్రంగా ఎత్తిరాసింది. మన పుస్తకాల ముందుమాటల్లోనూ ‘నా సాహిత్య వ్యాసంగానికి సహకరించిన శ్రీమతికి’ అనే వాక్యం ఎన్నిసార్లు చదవలేదు! ఆ సహకారమంటే వంట, పిల్లలు, చుట్టాలు, ఆస్పత్రి అన్నీ ఆమే చూసుకోవడం. ‘మా ఆయన వంట చేశారు కాబట్టి రాయగలిగాను’ అని రాసుకునే అవకాశం ఎంతమంది రచయిత్రులకు దక్కింది?

నవలకు రోజూ అరగంట కావాలి కాబట్టి ఆ విషయం ఇంట్లో తేల్చుకోక తప్పదు. రోజూ ఆ అరగంట పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలో మాట్లాడుకోవాల్సిందే. నవలల పోటీలు పెట్టే సంస్థలకూ ఇందులో బాధ్యత ఉంది. మూడు నాలుగు నెలల గడువిస్తే, ఇల్లు మరొకరికి వదిలేసి గదిలో కూర్చోగలిగినవాళ్లే పూర్తిచేస్తారు. వంటయ్యాక రాసుకునే ఆమెకు ఏడాది పడుతుంది. పోటీ గడువు ఆమె లెక్క ప్రకారం ఉండాలి.