నకిలీ బిస్కెట్‌కు అసలు వాసన ఎందుకు?

ఉప్పు కలిపిన మైదా ముద్దతోనో, ఫెవికాల్, కార్న్‌ఫ్లోర్ కలిపి ఉడికించిన క్లేతోనో అలంకరణ కోసం చేసే బన్నులు, బిస్కెట్లు, చిట్టి కేకులు అంటే నాకు ప్రాణం. ఈ కళ మీద ఉన్న ఆ ఇష్టంతోనే ఈ పోస్టు రాస్తున్నాను. ముద్ద కలిపేటప్పుడే వెనిలా ఎసెన్స్, దాల్చినచెక్క పొడి వేసి, నిజం బిస్కెట్‌లా వాసన వచ్చేటట్లు చేయమని నేర్పుతున్నవారు దయచేసి ఆ అలవాటు మానుకోవాలి.

బన్ను బన్నులా కనిపించడానికి వాసన అవసరం లేదు. బేకరీలో ట్రే నిండా పక్కపక్కనే పేర్చిన బన్నులకు పైభాగం ముందుగా వేడి తగిలి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, ఒకదానికొకటి ఆనుకున్న పక్కలు మాత్రం తెల్లగా మెత్తగా మిగిలిపోతాయి. ఈ తేడాను గమనించి, పచ్చి ముద్ద మీద ముందు పసుపుపచ్చని పాస్టెల్ (రంగు సుద్ద) పొడిని పొడి కుంచెతో పలచగా అద్ది, ఆ తరువాత గోధుమరంగును నడినెత్తిన మాత్రమే అద్దితే చాలు, చూసినవారి చెయ్యి దానంతట అదే ముందుకు వస్తుంది. విరిచిన రొట్టె లోపలి గుల్లతనం పాత టూత్‌బ్రష్ కుచ్చుతో మెల్లగా పొడిస్తే వస్తుంది. ఉస్మానియా బిస్కెట్‌కైతే అంచు ముదురుగా, నడిమి భాగం నిగనిగలాడుతూ ఉండాలి. పనితనమంతా ఈ చూపులోనే ఉంది. వాసన కలపడం వల్ల ఆ పనితనానికి చేరేదేమీ లేదు, ప్రమాదం మాత్రం చేరుతుంది.

ఎంత ప్రమాదమో లెక్క వేసి చూడండి. అందరూ చెప్పే కొలత రెండు కప్పుల మైదాకు ఒక కప్పు ఉప్పు. కప్పుల్లో ఉప్పు సగమే అనిపించినా, ఉప్పు బరువైనది కాబట్టి తూకంలో రెండూ ఇంచుమించు సమానమవుతాయి. అంటే ఎండిన 20 గ్రాముల బిస్కెట్‌లో సుమారు 10 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసిపిల్లల మాట వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో కుక్క ఉంటే మరీ జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఇటువంటి పిండి బొమ్మలు తిన్న కుక్కలకు వాంతులు, వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణాలు పోయిన సందర్భాలు పశువైద్యులు నమోదు చేశారు.

నోట్లో పెట్టగానే ఉప్పగా ఉంటుంది కదా, ఉమ్మేస్తారులే అని కొందరంటారు. కానీ ఆ ఉప్పదనం తెలియకపోవచ్చు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి చెమరుస్తుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో వర్షాకాలంలో ఇది మామూలే కాబట్టి, బొమ్మ మెత్తబడకుండా మనం దాని మీద వార్నిష్ పూతలు దట్టంగా వేస్తాం. ఆ పూత ఉన్నంతసేపూ ఉప్పదనం నాలుకకు తగలదు. ఫెవికాల్ క్లేలో ఉప్పే ఉండదు, పైగా అది ఆరితే గట్టిపడుతుంది కనుక చిన్న ముక్క అయినా పిల్లల గొంతుకు అడ్డం పడగలదు.

ఇది నా ఒక్కరి భయం కాదు. ఆహారమని పొరబడే వస్తువుల గురించి యూరప్ దేశాలు 1987లోనే ఉమ్మడి ఆదేశం తెచ్చాయి, బ్రిటన్ 1989లో నిబంధనలు చేసింది. రూపం, రంగు, పరిమాణంతో పాటు వాసనను కూడా ఆ ఆదేశంలో ప్రత్యేకంగా పేర్కొన్నారు. జపాన్ హోటళ్లు ప్రదర్శనకు పెట్టే నకిలీ వంటకాలు ఎంత సహజంగా ఉన్నా, సాధారణంగా అద్దం వెనకే ఉంటాయి. మన దగ్గర ఇవి ఫ్రిజ్ మాగ్నెట్లుగా, కీచైన్లుగా పిల్లల చేతికి అందే ఎత్తులోనే వేలాడుతుంటాయి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది బొమ్మల కొలువు. దసరాకో సంక్రాంతికో కొలువులో బేకరీ దుకాణం పెట్టి, అందులో చిట్టి కేకులు పేర్చడం ఎంత ముచ్చటగా ఉంటుందో నాకు తెలుసు. అయితే ఆ గదిలోనే పేరంటానికి వచ్చిన పిల్లల చేతుల్లో శనగలు, ప్రసాదం పెడతాం. ఒక చేత నిజమైన తినుబండారం పట్టుకున్న మూడేళ్ల బిడ్డ, కళ్లెదుట కింది మెట్టు మీద వెనిలా వాసన వేస్తున్న కేకును వేరుగా ఎలా గుర్తుపడుతుంది?

అందుచేత నేర్పేవారికీ, అమ్మేవారికీ నా విన్నపం ఇది. ముద్దలో ఎసెన్స్ కలపకండి. వార్నిష్ వేసే ముందే ప్రతి ముక్క వెనుక, పెట్టె మీద కాదు ముక్క మీదే, "తినరాదు" అని రంగుతో రాయండి. బిస్కెట్‌ను అసలు పరిమాణంలో చేస్తే ఒక పలకకు అతికించి ఇవ్వండి, అప్పుడది విడిగా నోట్లోకి పోదు. కొలువు పెట్టేవారు బేకరీ దుకాణాన్ని పై మెట్టుకు చేర్చి, కింది మెట్ల మీద కొయ్య బొమ్మలు ఉంచండి.